మా చిన్నమ్మను త్యాగమూర్తి అనకండి

మా చిన్నమ్మ పోయింది. రెండు వారాల క్రితం ఆదివారం పొద్దున, చర్చికి వెళ్ళడానికి చీర కట్టుకుని, చెప్పులు వేసుకుందామని మంచం మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు. ఆమె గుండె ఎంత గట్టిదో నాకు తెలుసు కాబట్టి నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

సీతాఫల్‌మండిలో మా గల్లీ అంతా వచ్చింది. సమాధి దగ్గర చర్చి పెద్ద ఒకాయన మాట్లాడుతూ, "అక్క పిల్లల కోసం జీవితం ధారపోసిన త్యాగమూర్తి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటకు చిన్నమ్మ అయితే అక్కడికక్కడే జవాబు చెప్పేది. ఆమె లేదు కాబట్టి నేను చెబుతున్నాను, కాస్త వినండి.

ఆ అక్క పిల్లలం నేనూ, మా తమ్ముడూ. అప్పటికింకా రాష్ట్రం విడిపోలేదు. ముందు నాన్న పోయాడు, ఏడాది తిరక్కుండానే అమ్మ. నేను ఆరో తరగతి, వాడు రెండో తరగతి. అమ్మను మట్టి చేసి వచ్చిన సాయంత్రం చుట్టాలందరూ చాయ్ తాగుతూ మమ్మల్ని హాస్టల్లో వేయాలని తేల్చేశారు. అక్కాతమ్ముళ్ళం కాబట్టి చెరొక హాస్టల్.

"ఆడైతే తిండి, బట్టలు, చదువు అన్నీ సర్కారే చూస్కుంటది" అన్నాడు మా పెద్దనాన్న.

చిన్నమ్మ అప్పటిదాకా మూలన కూర్చుని తమ్ముడి తల నిమురుతోంది. పెళ్ళైన కొత్తలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. స్టేషను దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని. తల ఎత్తి అడిగింది: "హాస్టల్ల చూస్కునే సర్కారు, నా ఇంట్ల ఎందుకు చూస్కోదు బావా?"

పెద్దనాన్న నవ్వి, "సరే తోల్కపో. బడులు షురూ అయ్యేదాంక హాస్టల్ల సీట్లు పట్టిపెడ్త. నీతోని కాకుంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ ఎండాకాలమంతా ఆ మాట మా నెత్తిన ఉంది.

చిన్నమ్మ సౌమ్యురాలేమీ కాదు. ఆటోవాడితో, పాలవాడితో, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళతో అందరితోనూ పేచీయే. ప్రసంగం మొదలవగానే కునుకు తీసేది, లేచి అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది. మంచం మీద దుప్పటి ముడత పడితే రాత్రి నిద్రపోయేది కాదు. మా తమ్ముడు అమ్మ కావాలని ఏడ్చిన రాత్రులు వాడిని ఓదార్చడం ఆమెకు చేతకాలేదు. వాడి పక్కన కూర్చుని తనూ ఏడ్చేది. తరువాత ఇద్దరూ లేచి బ్రెడ్డు తినేవాళ్ళు.

ఆమె జీతం ముగ్గురికి చాలేది కాదు. అద్దె కడితే ఫీజు ఆగేది, ఫీజు కడితే బియ్యం అప్పు తేవాల్సి వచ్చేది. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది, తల్లిదండ్రులు లేని పిల్లలను బంధువుల ఇంట్లోనే ఉంచి పెంచితే నెలనెలా కొంత సాయం ఇచ్చే పథకం ఉందని. చిన్నమ్మ ఆ మర్నాడే ఆ పథకం చూసే ఆఫీసుకు వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని.

అక్కడి గుమాస్తా కాగితాలు చూసి, "సొంత చిన్నమ్మవే కదమ్మా, నీ పిల్లలను సాకడానికి నీకు సర్కారు పైసలెందుకు?" అన్నాడు.

"బయటోళ్ళు సాకితే ఇస్తరు, సొంతోళ్ళు సాకితే ఇయ్యరా? చుట్టాల ఇంట్ల పిల్లలకు ఆకలి గాదా సార్?" అంది చిన్నమ్మ. కాగితాలు తీసుకునేదాకా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. చివరికి ఒక మేడం ఇంటికి వచ్చి విచారణ చేస్తుందని చెప్పారు.

ఇక్కడ మేం చేసిన పొరపాటు చెప్పాలి. మా వాళ్ళలో పాస్టరుగారు ఇంటికి ప్రార్థనకు వస్తున్నారంటే ఇల్లు పెళ్ళిల్లు అయిపోతుంది. విచారణకు వచ్చే మేడం కూడా పెద్ద మనిషే కదా! చిన్నమ్మ గోడలు తుడిచింది, మంచం మీద తెల్లటి దుప్పటి పరిచింది. పక్కింటి ఆంటీ మా మీది ప్రేమ కొద్దీ తన కుర్చీలు, టేబుల్ ఫ్యాను, గులాబీ రంగు చాయ్ కప్పులు తెచ్చి పెట్టింది. నాకూ తమ్ముడికీ క్రిస్మస్ బట్టలు వేశారు. మేడం రాగానే తమ్ముడు చేతులు కట్టుకుని పాట పాడాడు. ఆమె మురిసిపోయి, కేకు తిని, చాయ్ తాగి, మా తలలు నిమిరి వెళ్ళింది. గల్లీ అంతా పని అయిపోయినట్టే అనుకున్నాం.

మా ఇంటి పరిస్థితి బాగానే ఉంది, సాయం అవసరం లేదని ఆఫీసు నుంచి రాసి పంపారు.

బడులు తెరవడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. పెద్దనాన్న వచ్చి నా పెట్టె ఎంత ఉందో చూసి వెళ్ళాడు. నేను తమ్ముడికి రోజూ రాత్రి తల దువ్వుకోవడం నేర్పించసాగాను, అక్కడ ఎవరు దువ్వుతారని. చిన్నమ్మ చూసి నా చేతిలో దువ్వెన లాక్కుంది. "వాడేడికి పోతుండని నేర్పుతున్నవే?" అని అరిచింది.

ఆ వారం, మొన్న సమాధి దగ్గర మాట్లాడిన ఆ చర్చి పెద్దే మా ఇంటికి వచ్చారు. "చూడమ్మా, మళ్ళీ అర్జీ పెట్టు. ఈసారి ఇల్లు అలాగే వదిలెయ్యి. పిల్లలకు చిరుగు బట్టలు వెయ్యి. లోకం తీరు అలా ఉంది మరి" అన్నారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మెత్తగా మాట్లాడతారు.

"అయ్యగారూ, కుర్చీలు నావి గావు, వాపస్ ఇచ్చిన. అది నా తప్పే, ఒప్పుకుంట. కని పిల్లలకు చిరుగులు నేన్ తొడగ" అంది చిన్నమ్మ. "అట్ల పంపిస్తే మా అక్కకు ఏం జవాబు చెప్పాలె?"

కలెక్టరాఫీసులో సోమవారం ఫిర్యాదులు వింటారు. ఆ సోమవారం చిన్నమ్మ మాకు తలంటి, నూనె రాసి, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు వేసి తీసుకుపోయింది. వరసలో ముందు వెనకల వాళ్ళు మమ్మల్ని చూసి, వీళ్ళకేం తక్కువని గుసగుసలు. మా వంతు వచ్చింది. పెద్ద అధికారి కళ్ళద్దాల మీదుగా మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"అనాథ పిల్లలన్నావు. అలా కనబడటం లేదే?"

"అనాథలని నేననలే సార్, మీ కాయితమన్నది" అంది చిన్నమ్మ. "అమ్మా నాయిన లేరు. నేనున్న. నేనున్న గనుకనే గిట్లున్నరు. ఇంకా గిట్లనే ఉంచనీకి అడుగుతున్న. ఇద్దర్నీ హాస్టళ్ళల్లేస్తే మీకు ఖర్చు గాదా? గా ఖర్చుల జెరంత నా ఇంటికియ్యుండ్రి. బిచ్చమడుగుతలేను సార్. సర్కారు పని నేన్ చేస్తున్న."

ఆయన ఆ విచారణ చేసిన మేడంను పిలిపించి, ఇల్లు మళ్ళీ చూసి తిరిగి రాయమని మా ముందే చెప్పాడు. మేడం మళ్ళీ వచ్చింది. కుర్చీ లేదు కాబట్టి మంచం మీద, ఆ తెల్లటి దుప్పటి మీదే కూర్చుంది. బియ్యం డబ్బా మూత తీసి చూసింది. బడులు తెరిచిన వారం రోజులకు సాయం మంజూరైంది. మేం హాస్టల్‌కు పోలేదు.

ఆ సాయం పెద్ద మొత్తమేమీ కాదు. ఒక నెల వచ్చేది, మూడు నెలలు ఆగేది. ఆగినప్పుడల్లా చిన్నమ్మ చెప్పులరిగేలా తిరిగేది. వచ్చినప్పుడు ఎవరికీ దండం పెట్టేది కాదు. "పనికి జీతమొస్తే దండం పెడ్తమా?" అనేది. దానితోనే తమ్ముడికి కళ్ళజోడు వచ్చింది, నా ఫీజులు తీరాయి, ఇంట్లో పాలు ఆగలేదు. మిగతాది ఆమె చేతుల కష్టం.

ఇప్పుడు చెప్పండి, ఇందులో త్యాగం ఎక్కడుంది? త్యాగం అనే మాట ఎంత సుఖమో చూడండి. ఆ మాట అనేసి ఒక దండ వేస్తే సరిపోతుంది, ఇంకెవరూ ఏమీ ఇవ్వనక్కర లేదు. చిన్నమ్మకు ఆ కిటుకు తెలుసు. ఎవరైనా మెచ్చుకోబోతే, "నన్ను పొగడకుండ్రి, నాతోని ఆఫీసుకు రాండ్రి" అనేది. మేం పెద్దవాళ్ళమయ్యాక కూడా ఆమె సోమవారాలు ఆగలేదు. మనవళ్ళను సాకే అమ్మమ్మలు, తమ్ముళ్ళను సాకే అక్కలు, ఎవరు అడిగినా వెంట వెళ్ళేది.

సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చేసరికి గల్లీ చివర ఉండే ఒక అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నాలుగేళ్ళ మనవరాలిని చంకనేసుకుని. "మీ చిన్నమ్మ సోమారం నాతోని వస్తనన్నది బిడ్డా" అని, ఇక ఏమనాలో తెలియక ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి, అప్పటిదాకా బిగబట్టుకున్న నేనూ ఏడ్చాను.

మొన్న సోమవారం బేగంపేటలోని నా ఆఫీసుకు సెలవు పెట్టి, ఆ అమ్మమ్మ వెంట కలెక్టరాఫీసుకు వెళ్ళాను. అధికారి కొత్తవాడు, కుర్రవాడు. ప్రశ్న మాత్రం పాతదే: "అమ్మమ్మే కదా, మళ్ళీ సాయమెందుకు?" తరువాత నా వైపు తిరిగి, "మీరెవరండీ? ఏదైనా సంస్థ తరఫున వచ్చారా?" అన్నాడు.

"కాదు సార్. ఈ సాయంతోని చిన్నమ్మ ఇంట్ల పెరిగినదాన్ని" అన్నాను. "ఇస్తే ఏమైతదో చూస్కోండ్రి, మీ ముందే ఉన్న."

ఆయన కాగితాలు తిరగేస్తున్నాడు. మేం కదల్లేదు. అమ్మమ్మ చంకలోని పిల్ల ముందుకు వంగి, బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను రెండు చేతులా ఎత్తుకుంది. ఒక కన్ను మూసి, దాన్ని రెండో కంటికి ఆనించుకుని ఆయన్నే చూస్తోంది. కింద పెట్టమని అమ్మమ్మ అనలేదు, నేనూ అనలేదు.