వేడెక్కని పెట్టె

మొన్న మా అమ్మాయి అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చి రెండు పెద్ద స్పీకర్లకు తగిలించింది. ఆంప్లిఫైయర్ అట. ఇల్లంతా గంటసేపు మోగాక, పాత అలవాటుకొద్దీ దాని నెత్తిన చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. "ఇది క్లాస్ డి అమ్మా, ఇప్పుడన్నీ ఇవే" అంది. ఆ మాట నేను డెబ్బైల చివర్లోనే, తిరుపతిలో, మా బావగారి నోట విన్నాను.

బావగారంటే మా ఆయనకు అన్న. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఇంటికొస్తే చేతిలో సాల్డరింగ్ కడ్డీయే. నేను కాపురానికి వచ్చేనాటికే ముందుగదిలో ఆయన కట్టిన వాల్వుల ఆంప్లిఫైయర్ ఉండేది. ఎంత కమ్మగా పాడేదో అంత సెగ కక్కేది. ధనుర్మాసం చలికి దోసెల పిండి పులవకపోతే మా తోడికోడలు, అంటే బావగారి భార్య, గిన్నెను దాని పక్కన పెట్టేది. సాంబ్రాణి, సాల్డరు పొగ, పులిసిన పిండి కలిసిన ఆ గది వాసన నాకిప్పటికీ ఇష్టం. కానీ ఎండాకాలంలో ఆ పెట్టె వేయడమంటే పొయ్యి ముందు కూర్చోవడమే.

చిక్కంతా మామగారి దగ్గర వచ్చింది. గుడి కైంకర్యంలో బతుకంతా గడిపిన మనిషి, ఆయాసంతో మంచం పట్టారు. దానికి తోడు చెవుడు. పోయిన అత్తగారు పాడిన పాశురాలు ఒక టేపులో ఉన్నాయి. సాయంత్రం అవి వింటేనే ఆయనకు నాలుగు మెతుకులు దిగేవి. పెద్దగా పెడితే తప్ప వినపడదు. పెద్దగా పెడితే గది కాగిపోయి ఊపిరాడదు. పెట్టెను వంటింట్లో పెట్టి తీగ లాగుదామంటే, "యాడికి? ఉండే పొయ్యి సాలదా నాకు?" అంది మా తోడికోడలు. ఆ వేసవిలో టేపు ఆగింది. దాంతోపాటే మామగారి తిండీ తగ్గిపోయింది.

బావగారు ఏదో విదేశీ పత్రిక ముందేసుకుని కొత్తది కట్టడం మొదలుపెట్టారు. "సూడమ్మా, పాతది కొళాయి సగం తిప్పి పెట్టినట్టు. ఊరికే కారతా, కాగతా ఉంటాది. ఇది, క్లాస్ డి అంటారు, స్విచ్చి మాదిరి. వేస్తే పూర్తిగా, ఆపితే పూర్తిగా. చెవికి అందనంత వడిగా వేసి ఆపతా ఉంటే వేడి పుట్టదు, గొంతు మిగులుతాది. ఒక దినానికి ఇంటింటా ఇదే ఉంటాది" అన్నారు. ఆ తర్వాత ఆయన మాడ్చిన ట్రాన్సిస్టర్ల కంపుకు పిల్లి కూడా ముందుగదిలోకి రావడం మానేసింది.

చివరికి ఒక సాయంత్రం పెట్టె పలికింది. కాస్త గరగర ఉంది గానీ గొంతు అత్తగారిదే. మామగారు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. అంతలో ఎదురింటాయన పరుగున వచ్చాడు. "ఏం సారూ, మా రేడియోలో వార్తలు సదివే ఆయమ్మకు తేలు కుట్టిందా ఏం? కుయ్యోమని అరుస్తా ఉండాది!" ఆయన వెనకే సగం వీధి. వడిగా వేసి ఆపే ఆ స్విచ్చి గాల్లోకి కూడా గోల వదులుతోందన్నమాట. బావగారు ముఖం చిన్నబుచ్చుకుని ప్లగ్గు పీకబోయారు. అది చూసి మామగారు మంచం మీది నుంచే చెయ్యెత్తారు. "ఆపొద్దు రా. మీయమ్మ ఇంకా ముగించలా."

ఎదురింటాయన గడపలోంచే వీధివైపు తిరిగి, "రేడియోలు ఆపండప్పా. వార్తలు రేపు కూడా వస్తాయి" అన్నాడు.

మిగిలిన వేసవంతా సాయంత్రం ఆ వేళకు వీధిలో రేడియోలు ఆగిపోయేవి. కొందరు మా అరుగు మీదే కూర్చుని వినేవారు. మామగారు మళ్ళీ నాలుగు ముద్దలు తిన్నారు. అంత తెలివీ అంత ప్రేమా ఒకే మనిషిలో ఉండడం నేను బావగారిలోనే చూశాను.

మొన్న ఆ పాశురాలే మా అమ్మాయి చేత వేయించుకున్నాను. గరగర లేదు. పక్కింటి టీవీ దాని పాటికది మోగుతూనే ఉంది. బావగారు చెప్పినట్టే ఇంటింటా ఇదే; ఎవరూ దేన్నీ ఆపనక్కర్లేని కాలం వచ్చింది. మా మామగారి కోసం వీధంతా ఆగిన కాలం ముందు మాత్రం అది నాకు చిన్నదిగానే కనిపిస్తోంది.