డాక్టరుగారికి పెట్టిన భోజనం

మా ముత్తాత జగన్నాథరాజుగారు బయల్దేరితే నర్సీపట్నం నుంచి ఏటికొప్పాక దాకా ఆయన గుర్రం సొంత చెరకు తోటల్లోనే నడిచేదట. మా తాత రామచంద్రరాజుగారు కచేరీకి వెళ్తే తాసీల్దారు లేచి నిలబడేవాడట. మా నాన్నగారు కూర్చుని తిన్నారు. నేనూ కూర్చునే తిన్నాను. ఆ తిండి నన్ను ఊరందరి ముందూ ఎలా కూలదోసిందో చెబుతాను. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కొంచెం ఉంది.

ఎనభైల్లో మాట. తోటలు పోయాయి, గుర్రం పోయింది. పోనిది ఒక్క కట్టుబాటు: మా ఇంటి పెద్దకొడుకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనకూడదు. అది దివాలా తీసినవాడి సైగ. నిజంగానే దివాలా తీశాక ఆ సైగ ఎలా చేస్తాం, మీరే చెప్పండి! అందుకని ముద్దముద్దకీ గరిటెడు నెయ్యి, పూటపూటకీ మీగడ పెరుగు, ఆపైన అరిసెలు. వీధిలోకి నాకంటే ముందు నా పొట్ట వెళ్ళేది.

కుడి డొక్కలో బరువుగా ఉంటోందని, ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు దగ్గరకు వెళ్ళాను. కుర్రాడు. విశాఖపట్నం పంపి స్కానింగు తీయించాడు. అది చూసి, వరండా అంతా వినేలా అడిగాడు:

"లివరుకి కొవ్వు పట్టిందండీ. రోజుకి ఎంత తాగుతారు?"

"ఏమన్నావ్?"

"సారా అయినా, బ్రాందీ అయినా, డాక్టరు దగ్గర దాచకూడదండీ."

తలుపు దగ్గర కాంపౌండరు అప్పలనాయుడు చెవులు రిక్కించాడు. ఆ చెవిలో పడ్డ మాట సాయంత్రానికి పాయకరావుపేట చేరుతుంది. జగన్నాథరాజుగారి మునిమనవడు తాగుబోతని!

"మా గడప లోపలికి కల్లుముంత ఏనాడూ రాలేదయ్యా!" అని అరిచాను. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నేనేం పుచ్చుకుంటానో కళ్ళారా చూడు. చూసి, ఇదిగో వీడి ఎదుటే తప్పయిందని ఒప్పుకో!"

"నన్ను గూడా రమ్మంటారేటి బాబుగోరూ?" అన్నాడు అప్పలనాయుడు.

"నువ్వే ముఖ్యం!"

ఇంట్లో మా ఆవిడ సుభద్ర తల కొట్టుకుంది. "లివరుకి కొవ్వు పట్టిందంటే తిండి తగ్గించాల గానీ, డాక్టర్నే తిండికి పిలుస్తారేటండీ!"

"నువ్వూరుకో. నెయ్యి కమ్మగా కాచు."

ఆదివారం వచ్చింది. పులిహోర, మాంసం వేపుడు, గారెలు, చిల్లు పొడిచి నెయ్యి పోసిన బూరెలు. డాక్టరు ఒక్క బూరె తిని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. దరిద్రుడనుకున్నాను. ఆ తర్వాత మొదలుపెట్టాడు.

"అమ్మా, రాజుగారికి ఇంకో బూరె వడ్డించండి."

కాదనడానికి నాకు చెయ్యెక్కడిది? తిన్నాను.

"నెయ్యి తక్కువైనట్టుందండీ."

పోయించుకున్నాను. అప్పలనాయుడికి హుషారెక్కింది. "బాబుగోరి ఇస్తరి కాళీ అయిపోనాదమ్మా! బేగి తెండి!"

నమలడమో, తిట్టడమో, రెండూ ఒకేసారి కుదరవు. గారె నోట్లో పెట్టుకుని పళ్ళు నూరాను. "నువ్వు తినవేం?" అన్నాను.

"నేను చూడ్డానికి కదండీ వచ్చాను."

పెరుగు దాకా చూశాడు. చెయ్యి కడుక్కొచ్చి నా ఎదుట నిలబడి, "రాజుగారూ, తప్పయింది. మీరు తాగరు," అన్నాడు.

నేను మీసం దువ్వాను.

"మీ లివరుకి సారాతో పనేముందండీ! ఈ నెయ్యి, ఈ తీపి, ఈ అన్నం కుప్ప చాలు. చుక్క ముట్టనివాళ్ళకీ ఇలా తింటే కొవ్వు పడుతుంది. ఇప్పుడే తిండి తగ్గించి, రోజూ నడిస్తే చాలావరకు కరుగుతుంది. లేకపోతే లివరు గట్టిపడి ప్రాణం మీదికి రావచ్చు."

"బయటికి నడు!" అని లేవబోయాను. పీట వదల్లేదు. అప్పలనాయుడు చంకల కింద చేతులు వేసి లేపాడు. డాక్టరు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ అది కూడా చూశాడు.

సాయంత్రానికి టీ కొట్టు దగ్గర ఒకటే గోల. "రాజుగోరు తాగరంటహె! ఒట్టి తిండిపోతంట!" తాగుబోతంటే కనీసం భయపడేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు కూడా నా పొట్ట చూసి నవ్వారు.

మా ముత్తాత గుర్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే డాక్టరుకీ అన్నం పెట్టను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం నేర్చుకున్నాను.

ఇంట్లో నెయ్యి, మీగడ ఖర్చు తగ్గిపోయి, ఆ వేసవిలో మా పాడిగేదెలు రెండింటినీ ఎస్. రాయవరం రైతుకి అమ్మేశాం.