ఆంటీ నాకిచ్చిన మొదటి కేసు

మా పక్కింటి ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను కోర్టు బయట కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. "అక్కా, అమ్మ పొద్దున పోయింది. స్లీప్‌లోనే," అంది. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆంటీ నాకొక పని అప్పగించి వెళ్ళారు. ఇక అది చెయ్యాలి.

ఆంటీ 1970లలో గుంటూరు నుంచి అమెరికా వచ్చిన పాథాలజిస్టు, ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్ట్ రాసే డాక్టరు. రిటైరై, అంకుల్ కూడా పోయాక, మా ఊరి లా స్కూల్లో క్లయింటుగా నటించేవారు. మా రాష్ట్రంలో లాయర్ కావడానికి బార్ ఎగ్జామ్ ఒక్కటే దారి కాదు. రెండేళ్ళ పాటు ఇలా నటించే క్లయింట్లతో మాట్లాడి, వాళ్ళ కోసం కాగితాలు రాసి, ఆ పనంతా పరీక్షకుల ముందు పెట్టి మెప్పిస్తే లైసెన్స్ ఇస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి నలభై ఆరేళ్ళకు లా చదవడానికి దిగాను. టైమ్ పెట్టి పరీక్ష రాయమంటే వచ్చింది కూడా మర్చిపోతాను. ఆ దారి చూపించింది ఆంటీయే. "రెండు రోజుల ఎగ్జామ్‌లో నువ్వేంటో వాళ్ళకేం తెలుస్తుందే? రెండేళ్ళు చూడనీ," అన్నారు.

తనకు పని ఉన్న రోజుల్లో నన్నూ కార్‌లో తీసుకెళ్ళేవారు. కారెక్కేటప్పుడు డిష్‌వాషర్ రిపేర్ గురించి వాగుతున్న మనిషి రెండో సిగ్నల్ దాటేసరికి ఆ రోజు పాత్రలోకి మారిపోయేవారు. భుజాలు వంగేవి. శ్వాస కూడా వేరుగా వినిపించేది. నేను పలకరిస్తే పలికేవారు కాదు. ముక్కూమొహం తెలియని ముసలావిడెవరో నన్ను ఎక్కడికో తీసుకుపోతున్నట్టుండేది.

నటించేవాళ్ళకు తెలిసిన స్టూడెంట్‌ను కేటాయించరు. కానీ ఒకరోజు మంచు బాగా పడి, రావలసిన నటి రాలేదు. ప్రాక్టీసే కదా అని ఆంటీని పంపారు. తలుపు తీసి "ఆంటీ" అనబోయాను.

"మీరేనా నా లాయరు?" అన్నారావిడ ఇంగ్లీషులో. ఆ కళ్ళలో నేను లేను.

ఇంటి మీద హక్కు కోసం మరిదితో తగాదా పడుతున్న వితంతువు పాత్ర. నా జాబితాలోని ప్రశ్నలన్నీ అడిగాను. ఇంట్లో ఎవరెవరున్నారంటే, "నేను, అమ్మాయి, బాబు..." అని, "బాబు లేడు," అని ఆగిపోయారు. నేను 'పిల్లలు: ఒకరు' అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

'ఈ లాయరు నా మాట వినలేదు' అని రాసిచ్చారు ఆంటీ. ఆ అభ్యాసం మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. అప్పుడే స్కూలువాళ్ళు ఆ పాత్ర స్క్రిప్ట్ నా చేతికిచ్చారు. తిరుగు ప్రయాణంలో ఉండబట్టలేక అడిగాను.

"ఆంటీ, స్క్రిప్ట్‌లో బాబు లేడు. ఎవరు?"

"రూమ్‌లో అడగాల్సింది," అన్నారు. తర్వాతి సిగ్నల్ దగ్గర, "స్లైడు మీది ముక్కకి తొందరుండదు, మనిషికీ ఉండదు. తొందరంతా చూసేవాళ్ళకే," అన్నారు. రెండు వారాలు అలిగి బస్సులో వెళ్ళాను.

పోయిన మే నెలలో మా బ్యాచ్ అంతా లైసెన్స్ తీసుకుంది. నేను ప్రమాణం చేస్తుంటే ఆంటీ వీల్‌చైర్‌లో వచ్చి చప్పట్లు కొట్టారు.

శీతాకాలం మొదట్లో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్‌లో, ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చోగానే ఆంటీ నా వైపు తిరిగారు. "మీరేనా నా లాయరు?" అవే కళ్ళు. అది నటనో, నిజంగానే నన్ను గుర్తుపట్టలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

"నేనేనమ్మా. చెప్పండి."

"బాబు గురించి మీరు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను," అని నోరు మూసుకున్నాను.

తర్వాత చెప్పారు. అమెరికా వచ్చిన కొత్తలో, పాథాలజీ ట్రైనింగ్ మొదటి సంవత్సరం. పొద్దున పుట్టిన బాబు సాయంత్రం దాకా ఉన్నాడు. పసిబిడ్డను పూడ్చడమే మన పద్ధతి కదా, ఆసుపత్రివాళ్ళ శ్మశానంలో ఓ మూల పూడ్చారు. పేరు కూడా పెట్టారు. నాలుగో రోజు డ్యూటీలో చేరితే, పరీక్షకని టేబుల్ మీదకొచ్చిన మొదటి ట్రేలో బిడ్డతో పాటు పడిన మాయ ఉంది. లేబుల్ మీద తన పేరే. "ఎవరికీ చెప్పలేదు. నేనే చూసి, నేనే రిపోర్ట్ రాశాను. ఇంకెవరి చేతికీ ఇవ్వబుద్ధి కాలేదు."

"మీ అమ్మాయికి తెలుసా?"

"అది నా మొహం చూస్తుంటే చెప్పలేను. నేను వెళ్ళాక మీరు చెప్పండి. తీసుకెళ్ళి వాణ్ణి చూపించండి."

పన్నెండో రోజు అయ్యాక వాళ్ళ కిచెన్ టేబుల్ దగ్గర చెప్పాను. అమెరికాలో పుట్టిన ఆ అమ్మాయి తెలుగులో మాట వెతుక్కుంటూ, "నాకు అన్న ఉన్నాడా?" అంది. అమ్మ ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆంటీ అన్న మాటే చెప్పాను. ఇది రాయమన్నది కూడా తనే.

మర్నాడు నాలుగు గంటలు డ్రైవ్ చేసి ఆ శ్మశానానికి వెళ్ళాం. ఆఫీసులో ఇచ్చిన మ్యాప్ పట్టుకుని చూస్తే, ఆ మూలంతా మంచు కింద చదునుగా ఉంది. రాళ్ళ కోసం మంచులో చేత్తో తడుముకుంటూ వెతికాం. దొరికిన రాయి మీద మంచు తుడిస్తే ముందు వాళ్ళ ఇంటిపేరు కనిపించింది. తర్వాత అసలు పేరు. మగపిల్లాడికీ ఆడపిల్లకీ పెట్టుకునే పేరది. ఆంటీ ఫోన్‌లో ఆ పేరు పిలవడం నేను పదేళ్ళుగా వింటున్నాను.

"అక్కా, ఇది నా నేమ్," అంది.

గ్లవ్ తీసేసి, ఒక్కో అక్షరంలోంచి వేలితో మంచు తీయడం మొదలుపెట్టింది. చివరి అక్షరానికి వచ్చేసరికి, కురుస్తున్న మంచుకి మొదటిది మళ్ళీ పూడుకుపోతోంది.