ఖాళీ చేసిన గెజిట్ల బీరువా

డెబ్బైల్లో నేను విజయవాడలో ఒక లైబ్రరీలో గుమాస్తాని. వారపత్రికలకు చోటు చాలడం లేదని, ఎవరూ అడగని పాత గెజిట్లను నేనే సంతకం పెట్టి వన్ టౌన్‌లో చిత్తుకాగితాల కొట్టుకు తోలించాను. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

నెల తిరక్కుండా కంకిపాడు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చనిపోయిన ఆమె భర్త టీచరు. బాప్తిస్మం తీసుకున్నాక పేరు మార్చుకుని గెజిట్‌లో వేయించాడు. రెండు పేర్లూ ఒకరివేనని గెజిట్ చూపిస్తేనే ఆమెకు పెన్షన్ ఇస్తామన్నారట.

"మా ఇంట్లోది వానకు తడిసి పాడైపోయిందండీ. లైబ్రరీలో ఎప్పటికీ ఉంటుందిలే అనేవారు ఆయన. కాస్త వెతకండి బాబూ."

అమ్మేశామని చెప్పడానికి నోరు రాలేదు. వారపత్రికలు నింపిన ఆ బీరువాలోనే గంటసేపు వెతికినట్టు నటించాను.

"మీకు శ్రమ ఇచ్చాను బాబూ," అని ఆవిడ నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

తిట్టి వెళ్లి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.