గాలి సోకిన డబ్బా

ఒక్క మాట. నేనే అన్నాను, నవ్వుతూ అన్నాను, నాలుగేళ్లకు పైగా దాన్ని మోస్తున్నాను. బరువంటే తెలియనివాణ్ని కాను. కేబుల్ చుట్టలు భుజాన వేసుకొని మిద్దెలెక్కినవాణ్ని. ఇది వాటికన్నా బరువు. ఇంట్లో చెప్పలేదు, దోస్తులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పేరు చెప్పను. కొత్తకోటకు దగ్గర్లో ఒక ఊరు మాది అనుకోండి. ఊళ్లో నన్ను డిష్షన్న అంటారు. ఇంటింటికీ టీవీ తీగ లాగింది నేనే, పాతికేళ్లుగా. నా చేతి పని గురించి గొప్ప చెప్పుకోకుండా ఈ కథ చెప్పలేను, ఏమనుకోకండి. తీగలు కలపడానికి బజార్లో దొరికే పిన్ను నేను కొనేవాణ్ని కాదు. తీగ చివర చెక్కి, లోపలి రాగికి రాగి, దాని చుట్టూ ఉండే సన్న తీగల జాలీకి జాలీ మెలేసి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టేవాణ్ని. వానకు తడవదు, కోతి గుంజినా ఊడదు. పక్క ఊళ్ల డిష్ వాళ్లు వచ్చి చూసి పోయేవారు. "గీ మెలిక నీకే వస్తదన్నా" అనేవారు. నాకే వచ్చేది మరి!

కరోనా వచ్చిన మొదటి ఏడాది జ్యోతి ఊరికి తిరిగొచ్చింది. యేసోబు కూతురు. యేసోబు నా స్తంభాలకు గుంతలు తవ్విన మనిషి. ఆ పిల్ల డిగ్రీ చదివి హైదరాబాద్‌లో కొలువు చేసింది. అది పోయింది. బస్టాండు దగ్గర చిన్న దుకాణం తెరిచి ఇంటర్నెట్ డబ్బాలు పెట్టింది. తీగ లేదు, స్తంభం లేదు. ఫోను సిగ్నల్ పట్టుకొని ఇంటినిండా నెట్ ఇచ్చే డబ్బా. కావాలంటే టీవీ కూడా దాంట్లోనే చూసుకోవచ్చని చెప్పేది. పిల్లల చదువులన్నీ ఫోన్లలో నడిచే రోజులు కదా, జనం బాగానే కొన్నారు. వాళ్ల వాడ నుంచి వచ్చి దుకాణం తెరిచిన మొదటి మనిషి ఆమె. అది నిలిస్తే ఆ పిల్ల మళ్లీ ఊరు విడవక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

డబ్బా పెట్టిన ఇళ్లలో నా బొమ్మ చెడటం మొదలైంది. చివరి చానెళ్లు విరిగి, ఆగిపోయేవి. "డిష్షన్నా, బొమ్మ గడులు గడులైతాంది" అని ఒకటే ఫోన్లు. మా గల్లీ నర్సమ్మక్క ఇంటికి పోయి చూశాను. టీవీ వెనక నా జాయింటు, దానికి ఆనుకొని ఆ డబ్బా. జాయింటు ఎందుకు పట్టుకున్నానో గుర్తులేదు, పిడికిలి బిగించాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. చెయ్యి తీశాను. విరిగింది. మళ్లీ పట్టాను, మళ్లీ వచ్చింది.

అంతే, అర్థమైపోయింది. బయటి సిగ్నల్ లోపలికి రాకుండా తీగను కాపాడేది ఆ జాలీయే. నా మెలిక దగ్గర జాలీ తెరుచుకొని ఉంది, పిడికిలి బిగిస్తే మూసుకుంటోంది. డబ్బా తన పని తాను చేసుకుంటోంది. తలుపు తెరిచి పెట్టింది నేను. ఊరంతా, అన్ని ఇళ్లలో, నా పేరు మోసిన మెలికతోనే.

"ఏమైంది తమ్మీ?" అని వంటింట్లోంచి అడిగింది నర్సమ్మక్క.

పిడికిలి విప్పి నవ్వాను. "ఏమైతదక్కా, నీ టీవీకి గాలి సోకింది."

గాలిలో వచ్చే నెట్టు కదా అని నా ఎకసెక్కం. కానీ మా దిక్కు గాలి సోకడమంటే దయ్యం పట్టడమే. పసిపిల్ల ఊరికే ఏడ్చినా, బర్రె చేపకపోయినా అదే మాట. నేను ఇల్లు చేరేలోపు ఆ మాట బజారంతా తిరిగి, టీవీ మీది నుంచి జ్యోతి డబ్బా మీదికి వచ్చింది. ఒకామె డబ్బా చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిందట. విని పడిపడి నవ్వాను. తర్వాత అది నవ్వులాట కాకుండా పోయింది. పిల్లలున్న ఇల్లు, మనకెందుకని ఒకరు డబ్బా వాపసు ఇచ్చారు. వారిని చూసి ఇంకొకరు. నేను ఒక్క మాట అంటే ఆగేది. ఎందుకు అనలేదు?

జ్యోతి వచ్చింది. మధ్యాహ్నం, నేను నిచ్చెన మీద ఉన్నాను.

"కాకా, నీ జాయింట్లు జర చూస్కో. ఆడ్నుంచే సిగ్నల్ లోపలికి పోతున్నట్టుంది. పిన్నులు నేను తెప్పిస్త, ఇద్దరం కలిసి మారుద్దం."

"నా చేతి పనికే వంక పెడ్తున్నవా? మీ నాయిన తవ్విన గుంతలల్ల స్తంభాలు పాతినోన్ని నేను. నువ్వు నాకు నేర్పుతవా?"

ఆమె గొంతు పెంచలేదు. "గా గుంతలు తవ్వేనాడు మా నాయినకు నీళ్లు పైనుంచి దోసిట్ల పోసిరి, ముట్టొద్దని. ఇయ్యాల నా డబ్బా సోకిందని నువ్వంటివి. రెండూ ఒక్కటే మాట కాకా."

నేను నిచ్చెన దిగలేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఆమె కులం లేదు. మరి ఊరు అంత తొందరగా ఎందుకు నమ్మింది? ఇంకెవరి డబ్బా అయినా అంత తొందరగా సోకేదా? నిచ్చెన మీదే తెలిసింది నాకు. తెలిసీ దిగలేదు.

ఆ చలికాలం రాకముందే దుకాణం మూతపడింది. జ్యోతి మహబూబ్‌నగర్‌లో ఏదో ఆఫీసులో కొలువుకు పోయింది. ఆమె పోయాక ఒక్కణ్నే, ఎవరికీ చెప్పకుండా, ఇంటింటికీ తిరిగి జాయింట్లన్నీ కోసి పిన్నులు పెట్టాను. పని మాత్రం బ్రహ్మాండంగా చేశాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. డబ్బా వాపసు ఇవ్వని ఇళ్లలో కూడా చివరి చానెల్ దాకా బొమ్మ అద్దమే. "డిష్షన్న గాలిని ఎల్లగొట్టిండు" అన్నారు. మరుసటి ఏడాది పంద్రాగస్టు జెండా పండుగ నాడు పంచాయతీలో శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

నా గిరాకీ పోతుందని భయపడి చేశానా? కాదు. ఇద్దరం బతికేంత ఊరు మాది. గర్వం, అంతే. గర్వం లేనివాడు మంచి పని చేయలేడని ఇప్పటికీ అంటాను. కానీ స్తంభం ఎక్కకుండా, కింద నిలబడే ఆ పిల్ల నా లోపం పట్టింది. పాతికేళ్లలో నా పని అంత బాగా అర్థమైన మనిషి ఇంకొకరు లేరు. మా ఊరి పిల్ల అని రొమ్ము విరుచుకొని చెప్పుకోవాల్సిన మాట అది. యేసోబు ఎదురైతే ఇప్పటికీ "బాగున్నవా పటేలా" అని మర్యాదగానే అంటాడు. బాగున్నానని తలూపి తప్పుకుంటాను.

క్షమించమని ఆమెను అడగను. అడిగితే క్షమించే పని కూడా ఆమె నెత్తిన పెట్టినట్టే.

మొన్న నర్సమ్మక్క ఇంటికి పోయాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "అక్కా, ఆనాడు గాలి సోకలే. నా జాయింటు ఖరాబుండె. జ్యోతి తప్పేం లేదు. నాకు గప్పుడే తెలుసు" అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను.

అక్క టీవీ బంద్ చేసి నా మొహంలోకి చూసింది.

"మరి గా పిల్ల దుకాణం?" అంది.

బయటికొచ్చాను. వాకిట్లో నిలబడి గట్టిగా ఊపిరి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.