తల లేని అన్నయ్య

మా గొడుగుల అత్తయ్యకి ఎదురుపడిన వాళ్ళతో వరస కలపకపోతే తిన్నది అరగదు. మనుషులతో ఆగితే బాగుండేది. ఆవిడ మా ఊరి పాత రాతివంతెన మీదున్న బొమ్మలతో కూడా చుట్టరికం కలిపేసింది.

వంతెన మొదట్లో ఆవిడది గొడుగులు బాగుచేసే కొట్టు. పక్కనే నా ఫోటో స్టూడియో. పొద్దున్నే కొట్టు తాళం తీసి, తడిగుడ్డ పట్టుకుని వంతెన మీదకి బయల్దేరేది. వరద రెండుసార్లు కూల్చినా పంతం పట్టి వంతెన కట్టించిన రాజు ఆవిడకి పెదనాన్న. శత్రువులొస్తే వంతెన మధ్యలో ఒంటరిగా నిలబడి ఆపిన సేనాపతి బావ. కడవ ఎత్తుకున్న రాతి అమ్మాయి వదిన.

"పెదనాన్నా, కిరీటం మీద మళ్ళీ పావురాలా? ఒక్క అరుపు అరవలేవూ?" అంటూ రాజుగారి నెత్తి తుడిచేది. "బావా, ముక్కేది? మళ్ళీ ఎవడితో గొడవ పడ్డావ్?" అని సేనాపతిని నిలదీసేది.

చివరి బొమ్మకి తల లేదు. ఎప్పుడో వరదలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి ఎగిరిపోయిందంటారు. పేరు చెక్కిన రాయి కూడా దాంతోనే పోయింది. ఆయనెవరో చరిత్రకి తెలియదు. అత్తయ్యకి మాత్రం సొంత అన్నయ్య. వానొస్తే ఆయన చేతికి ఓ పాత గొడుగు కట్టి వచ్చేది.

"తలే లేదు కదత్తయ్యా, గొడుగెందుకు?"

"భుజాలు లేవూ? తడిస్తే పట్టేస్తాయి."

ఒకసారి వంతెన చూడ్డానికి వచ్చిన చరిత్ర మాస్టారు ఆవిణ్ణి సరిదిద్దబోయారు. "అమ్మా, మీరు వదిన అంటున్న కడవ అమ్మాయిని చెక్కింది ఈ తల లేని ఆయనకన్నా రెండు వందల ఏళ్ళ తరవాత. ఈయనకి భార్య ఎలా అవుతుంది?"

"వయసు తేడా ఉంటే మాత్రం? ఒక్కనాడైనా పోట్లాడుకోవడం చూశారా?"

మాస్టారు వంతెన దిగిపోయారు. "జాగ్రత్త మావయ్యగారూ, మెట్టు జారుతుంది" అని వెనక నుంచి కేకేసింది.

అలాంటి ఆవిడ మీదకి వంతెన మరమ్మతుల ఇంజనీరు వచ్చిపడ్డాడు. పేరున్న బొమ్మలన్నిటినీ కడిగి బాగుచేస్తారట. ఊరూ పేరూ లేని ఆ మొండేన్ని మాత్రం గోడౌన్లో పడేసి, ఆ చోట దీపస్తంభం వేస్తారట. క్రేను కూడా వచ్చేసింది. అత్తయ్య కొట్టులోంచి పీట తెచ్చి, బొమ్మ పాదాల దగ్గర వేసుకుని, తాపీగా గొడుగు ఊచలు సరిచేయడం మొదలుపెట్టింది.

"లేవండమ్మా."

"మా అన్నయ్యని ఎందుకు పంపించేస్తున్నావు తమ్ముడూ?"

"ఎవరో తెలియదు కాబట్టి."

"తెలియకపోవడం నీ తప్పు, నా తప్పు. నిలబడ్డ ఆయన తప్పేంటి? వరదలో తల పోయినా చోటు వదల్లేదు. నువ్వు గోడౌనంటే వదుల్తాడా?"

ఇంజనీరుకి చిర్రెత్తుకొచ్చింది. నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. ఈవిడకి మీరేమవుతారు?"

"మేనల్లుణ్ణి."

"అంటే ఈవిడ అన్నగారి అబ్బాయి. మరి ఆ అన్నగారెక్కడ? ఆయన్నైనా పిలిపించండి."

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. నేనీ ఊరు వచ్చినప్పుడు నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. స్టూడియో తెరిచిన కొత్తలో జ్వరంతో పడిపోతే, పక్క కొట్టు ఆవిడ నన్ను ఆస్పత్రిలో చేర్చింది. బంధువులు తప్ప లోపలికి రాకూడదని నర్సు అడ్డుకుంటే, "నేను మేనత్తని, అడ్డు లే!" అని గదమాయించి నా మంచం పక్కన తిష్ట వేసింది. అప్పటికి ఆవిడకి నా పేరు కూడా తెలియదు. తరవాత జ్వరం వదిలింది కానీ వరస వదల్లేదు.

మేనత్త అంటే నాన్నకి తోబుట్టువు. ఆవిడకి ఉన్నది ఒక్కడే అన్నయ్య. నేను వెళ్ళి పీట పక్కన నిలబడి, తల లేని ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"పిలిపించక్కర్లేదండీ. మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. కావాలంటే పోలికలు చూసుకోండి."

"పోలికలు ఎక్కడ చూడనయ్యా, తల ఉంటేగా!" అని అరిచి, తన మాటకి తనే ఫక్కున నవ్వేశాడు ఇంజనీరు. క్రేను డ్రైవరూ నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

"సరేగానీ, ఈయన్ని తీయిస్తే నేను మీకేమవుతాను?" అనడిగాడు ఇంజనీరు.

"తమ్ముడివే. మాట్లాడనంతే."

దీపస్తంభం అవతలి ఒడ్డున వేయమని చెప్పి, ఇంజనీరు క్రేనుని వెనక్కి పంపేశాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య లేచి ముందు అన్నయ్య చేతికి గొడుగు కట్టింది. తరవాత ఇంకోటి విప్పి నా చేతిలో పెట్టింది.

"పాపం, తడిసిపోతున్నాడు. వెళ్ళి మీ బాబాయికివ్వు."