కింద పోసిన ఇసుక

నా చిన్నప్పుడు మాచర్ల దాపున ఉన్న మా ఊళ్ళో బడి అంటే మా ఇంటి వసారానే. మా తాతయ్యకు నాపరాళ్ళ గని ఉండేది. ఊరి పిల్లలకు నాలుగు ముక్కలు రావాలని ఒక పంతులుగారిని పిలిపించి, మా ఇంట్లోనే భోజనం పెట్టి, బడి నడిపించాడు. ఆ పుణ్యానికి ఊరంతా ఆయనకు దణ్ణం పెట్టేది. ఆడపిల్లనని నన్ను మాత్రం అందులో కూర్చోనిచ్చేవారు కాదు. మా అమ్మే పొయ్యి ముందు బూడిద పరిచి, నా వేలు పట్టి దిద్దించింది. ఇవాళ ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ తల్లి చలవే. మిగతాదంతా కిటికీలోంచి విన్న చదువు.

వసారా మీద రైతుల పిల్లలు కూర్చునేవారు. మెట్ల కింద, గనిలో రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలు. పైవాళ్ళకు ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. కిందివాళ్ళకు నోటి లెక్కలు, పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడటం. లెక్కలొస్తే రేపు బండ్లకెక్కించే రాళ్ళు తప్పు లేకుండా ఎంచుతారని తాతయ్య ఉద్దేశం. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. వాగు నుంచి ఇసుక మోసుకొచ్చి, జల్లించి, వసారా మీద పరిచేది మాత్రం ఆ కింది పిల్లలే. పరిచి దిగిపోయేవాళ్ళు.

వాళ్ళలో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. దిగేముందు చూపుడువేలు ఇసుకకు ఆనించీ ఆనించకుండా తీసేసేది. "పాపగారా, నా పేరు రాస్తే ఎట్టా ఉంటది?" అని కిటికీ దగ్గరకొచ్చి అడిగేది. నాకప్పటికి అ ఆలు దాటి రావు.

మా బాబాయి బెజవాడలో చదువు మానేసి వచ్చాడు. ఎర్రజెండా వాళ్ళతో తిరుగుతున్నాడని, దేవుడు లేడంటున్నాడని ఇంట్లో గుసగుసలు. కొన్నాళ్ళు ఓ పక్కన కూర్చుని బడి చూసేవాడు. ఒక పొద్దున ఇసుక గంపలతో వచ్చిన పిల్లల్ని మెట్ల దగ్గరే ఆపాడు.

"పైకొద్దు. ఇయ్యాల ఈడనే పొయ్యండి."

పిల్లలు బిక్కచచ్చిపోయారు. "మోసింది మీరేగా, పొయ్యండర్రా" అంటూ తనే ఒక గంప వంచాడు. పంతులుగారు వచ్చేసరికి వసారా మీద ఒట్టి బండలు, ఇసుకంతా కింద. రాయాలంటే అందరూ దిగాల్సిందే. పైపిల్లలకు అదొక ఆటలా ఉంది, ఒకరి వెనక ఒకరు దూకారు. పంతులుగారు మాత్రం దిగలేదు. "నా కూడు తీస్తావా ఏంది నాయనా" అని పైనుంచే సణిగారు. బాబాయి ఆ పిల్ల పక్కన కూర్చుని, వేలు పట్టి, పిల్ల పేరులో మొదటి అక్షరం రాయించాడు. పిల్ల నవ్వలేదు. ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే తాతయ్య గని నుంచి వచ్చాడు. కేకలు వెయ్యలేదు. "ఆళ్ళకి అక్షరమొస్తే రేపు రాయెవురు కొడతార్రా?" అన్నాడు.

"అదే నాన్నా నేననేది. నువ్వు పెట్టింది బడి కాదు, గనికి కూలోళ్ళని తయారుజేసే కొట్టం. బడి ఎవరి చేతిలో ఉంటే పాఠమూ వాళ్ళదే."

"కూడు పెట్టేది నేను."

"రాయి కొట్టేది ఆళ్ళు."

తాతయ్య ముందుకొచ్చాడు. చెప్పు కాలితో ఆ అక్షరాన్ని చెరిపేశాడు.

కాగితం ముక్కకు కాలు తగిలినా సరస్వతీదేవి అని కళ్ళకద్దుకోవాలని నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు వంగుతాడని, అద్దుకుంటాడని చూశాను. వంగలేదు. ఆ పిల్లే వంగి, చెదిరిన ఇసుకను తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది.

మర్నాటి నుంచి కిందివాళ్ళకు బడి లేదు. ఆ పిల్లను గనిలో కంకర మోయడానికి పెట్టారు. బాబాయి ఊరొదిలి వెళ్ళాడు, తర్వాత జైల్లో ఉన్నాడని విన్నాం.

తాతయ్యను చెడ్డవాడనలేను. కరువు ఏడాది ఇంటి గింజలతో గంజి కాయించి, ఆ రాళ్ళు కొట్టేవాళ్ళ వాడలకే పంపిన మనిషి. గంజి పోసిన చేతినీ, ఇసుక చెరిపిన కాలినీ ఒకే మనిషిలో ఎలా చూడాలో ఇంత వయసొచ్చినా నాకు తెలియడం లేదు. పొద్దున్నే దీపం పెట్టి తాతయ్యకు దణ్ణం పెట్టుకుంటాను, దేవుణ్ణి నమ్మని బాబాయికి కూడా.

దసరాకు సరస్వతి పూజలో పుస్తకాల పక్కన ఒక పళ్ళెంలో ఇసుక పెడతాను. పూజయ్యాక అందులో ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం రాస్తాను. తర్వాతి అక్షరాలు ఆ రోజు తను దిద్దనే లేదు. నేనూ అక్కడే ఆపి, వేళ్ళు కళ్ళకద్దుకుంటాను.